నంద్యాలలో చెక్క వాస్తు

మా పాలిటెక్నిక్‌లో నేను డ్రాయింగ్ చెప్పే గది గోడకు చాలా ఏళ్లుగా ఒకే ఫోటో వేలాడుతోంది. తెల్లటి గోడలు, బల్లపరుపు కప్పు, ఒక పక్కన గుండ్రంగా తిరిగి పైకి పోయే మెట్లు. ఎక్కడా ఒక పువ్వుగానీ లతగానీ లేని ఇల్లు. కట్టింది ఓతకర్ లిపెన్ అనే చెక్ దేశపు వాస్తుశిల్పి. ఆయన ఇళ్లు కట్టాడు, కుర్చీలు చేశాడు, నాటకాలకు రంగస్థలాలు అమర్చాడు, సినిమా పోస్టర్లు గీశాడు, గాజు దీపాలు, కాఫీ కప్పులు, చివరికి అచ్చు అక్షరాలు కూడా తయారుచేశాడు. వీటిలో ఒక్కటీ కళ్లారా చూడకుండానే నేను గుంటూరులో కూర్చుని ఆయన మీద పాఠాలు చెబుతున్నాను. అందుకే నా పాత విద్యార్థిని సుకన్య ‘సార్, లిపెన్ పని మొత్తం నంద్యాలలో ప్రదర్శనకు పెట్టినా, ఆదివారం ఆఖరు, రావాల’ అని వాట్సాప్ చేసినప్పుడు, ముందు ఊరి పేరు తప్పు కొట్టిందనుకున్నాను. తప్పు కాదని తేలాక టికెట్ తీసుకున్నాను. ఒక పూట ప్రశాంతంగా బొమ్మలు చూసి రావాలన్నది నా పథకం. ఆ పథకం ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సుకన్యది బండి ఆత్మకూరు. మా దగ్గర డిప్లొమా చేసి, ఆ తర్వాత ఆర్కిటెక్చర్ చదివి, స్కాలర్‌షిప్ మీద ప్రాగ్ నగరానికి వెళ్లి రెండేళ్లుంది. అక్కడ అద్దెకున్నది లిపెన్ కూతురు హెలెనా గారింట్లోనే. ఆ పరిచయంతో కొన్ని అసలు బొమ్మలు, మిగతా వాటికి మంచి నకళ్లు ఇప్పించుకుంది. హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు గ్యాలరీల వాళ్లను అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారట. హెలెనా గారికి ఎనభై దాటాయి. వచ్చే ఏడాది అంటే ఆవిడకు కుదిరే మాట కాదు. దాంతో సుకన్య, తను ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్న నంద్యాలలోనే ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడి, వారం రోజులు ప్రదర్శన పెట్టింది.

గుంటూరు నుంచి నంద్యాలకు రైలు నల్లమల అడవిలోంచి వెళుతుంది. పగటి రైలు దొరికితే కిటికీ పక్కన కూర్చోండి, ఆ దారి చూసి తీరాల్సిందే. నాకు దొరికింది రాత్రి రైలు, పై బెర్తు. నేను చూసిన అడవి అంతా ఫ్యాను రెక్కలే. స్లీపర్ టికెట్ మూడొందల లోపే అవుతుంది. ఆదివారం తెల్లారేసరికి నంద్యాలలో దిగి, బస్టాండు దగ్గర లాడ్జిలో స్నానం చేసి, పక్క సందులో ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, మిరపకాయ బజ్జీ తోడిచ్చే ఈ టిఫిను కోసం నంద్యాల రావచ్చు. ఆ రోజు నా మనసు కుదురుగా ఉన్నది ఆ ప్లేటు ముందు కూర్చున్నంతసేపే.

బయట ఆటో ఎక్కి హాలు పేరు చెప్పాను. డ్రైవరు అద్దంలో నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“చెక్క వాస్తుకా సార్?”

“చెక్క వాస్తు ఏమిటి? బొమ్మల ప్రదర్శనకు.”

“అదే సార్, చెక్క వాస్తు. తలుపులు, దర్వాజాలు యాడ పెట్టాల్నో చెప్తారంట. ఫారిన్ ఆయనంట. మా బావ గూడా నిన్న ప్లాను ఎత్తుకొని పోయినాడు.”

హాలు ముందు దిగి తల పైకెత్తితే సంగతి అర్థమైంది. సుకన్య రాసిచ్చింది ‘ప్రఖ్యాత చెక్ వాస్తుశిల్పి జీవితకాల కళా ప్రదర్శన’ అని. ఫ్లెక్సీ కొట్టిన మహానుభావుడు చెక్ అంటే అక్షరం తప్పిపోయిందనుకున్నాడు. మనిషి మంచివాడు, తప్పు సరిదిద్దాడు. వాస్తుకీ శిల్పికీ మధ్య కాస్త చోటు కూడా వదిలాడు. ‘ప్రఖ్యాత చెక్క వాస్తు శిల్పి’ అని అడుగున్నర ఎత్తు అక్షరాలు, పక్కన లిపెన్ ఫోటో, కింద ‘ప్రవేశం ఉచితం’. ఆ ఫోటోలో లిపెన్ గుండ్రటి కళ్లద్దాలు పెట్టుకుని, మనందరి ఇళ్లలోని దోషాలూ తనకు తెలుసన్నట్టే చూస్తున్నాడు. వాస్తుశిల్పి అన్న మాట పుస్తకాల్లో రాసుకుని మురిసిపోయే మాబోటివాళ్లకు ఎప్పుడూ తట్టలేదుగానీ, బజార్లో ఆ మాటలో మొదటి సగమే వినబడుతుంది.

లోపల జనం బాగానే ఉన్నారు. చాలామంది చంకలో చుట్టిన ప్లాన్లు ఉన్నాయి. గోడల మీద లిపెన్ జీవితం వరసగా సాగుతోంది. కుర్రతనంలో గీసినవన్నీ ఆకులు, తీగలు, నెమళ్లు. వరస ముందుకు వెళ్లేకొద్దీ ఒక్కొక్కటీ రాలిపోయి, వట్టి గీతలు, వట్టి గోడలు మిగిలాయి. నా ఫోటోలోని ఇల్లు నాలుగో గోడ మీద ఉందని తెలిసి అటు నడవబోయాను. ఒక పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. తెల్ల పంచె, చేతిలో ప్లాను, ఊరు పగిడ్యాలట.

“నువ్వేనా అప్పా ఈడ చెప్పేటాయన?”

“కాదండీ, నేనూ చూడ్డానికే వచ్చాను.”

“నైరుతిలో బాత్రూము కట్టినాడు మా పెద్దోడు. ఏం చెయ్యాల?”

“నాకు వాస్తు తెలియదండీ. ఇది వాస్తు కాదు.”

“బయట అంత పెద్దగా రాసినారు గదా, కాదంటావేందీ?”

ఇంతలో సుకన్య పరుగున వచ్చింది. రెండు రోజులుగా నిద్ర లేని ముఖం. నమస్కారం, కుశలం ఏమీ లేవు. “వచ్చినారా సార్. మీరొక్కరే ఈడ ఖాళీగా ఉండేది. ఆళ్లగడ్డకు పోయి రావాల” అంది. నేను హాల్లో అడుగుపెట్టి పది నిమిషాలు కాలేదు, ఒక్క బొమ్మ కూడా చూడలేదు. ఆ మాటే చెప్పాను. సుకన్య నన్ను హాలు మధ్యలో ఉన్న ఖాళీ బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. దాని మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది, ఇంకేమీ లేదు. వెనక గోడ మీద ఒక ఇంటి డ్రాయింగు.

అది లిపెన్ తన సొంతానికి గీసుకున్న ఇల్లు. స్థలం కొన్నాడు, ప్లాను గీశాడు, అప్పుడే యుద్ధం వచ్చింది. యుద్ధం అయ్యాక ప్రభుత్వం మారి స్థలం పోయింది. ఊరంతటికీ ఇళ్లు కట్టిన మనిషి భార్యాబిడ్డలతో జీవితాంతం మూడో అంతస్తు అద్దె వాటాలో ఉన్నాడు. తాను పెరగాల్సిన ఇంటిని హెలెనా గారు కాగితం మీద తప్ప ఎన్నడూ చూడలేదు. ఆ ఇంటి నమూనాను రాతిలో చేయించి ఆవిడకు చూపించాలని సుకన్య పట్టుదల. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఓబుళాచారి అనే ఆయనకు రెండు నెలల కిందట పని అప్పజెప్పింది. శుక్రవారం రావాల్సిన నమూనా రాలేదు. ఆయన ఫోను ఎత్తడం లేదు. హెలెనా గారు ఆ మధ్యాహ్నమే బెంగళూరు నుంచి కారులో వస్తున్నారు. సాయంత్రం ఆరింటికి హాలు ఖాళీ చేసి పెళ్లి రిసెప్షన్ వాళ్లకు ఇవ్వాలి. ఆవిడ అటునుంచి అటే హైదరాబాద్ వెళ్లి విమానం ఎక్కుతారు.

“ఈ వయసులో ఆమె మల్ల రాలేదు సార్. ఆ ఇల్లు సూపిస్తానని నేనే మాటిచ్చి పిలిపించినా” అంది సుకన్య. ఆమె అసిస్టెంట్లు ఇద్దరూ ప్లాన్ల జనానికి సమాధానం చెప్పలేక గోడకు ఆనుకుని ఉన్నారు. ఆ ఖాళీ బల్ల చూశాక కాదనలేకపోయాను. బయట ఫ్లెక్సీ మీద లిపెన్ వైపు ఒకసారి చూసి, బస్టాండుకు బయల్దేరాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. కడప వైపు వెళ్లే బస్సులు, అహోబిలం వెళ్లే బస్సులు ఏవైనా అటే పోతాయి, అరగంటకొకటి దొరుకుతుంది. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటలోపే. నేను హడావిడిలో పల్లెవెలుగు ఎక్కాను. అది చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగింది, చెయ్యెత్తని ఒకరిద్దరికీ ఆగింది. రెండు పక్కలా నల్లరేగడిలో శనగ చేలు, దూరంగా నల్లమల కొండలు. చూడముచ్చటైన దారే, కానీ నేను గడియారం చూస్తున్నాను. పక్క సీటులో ఆయన ఎందుకెళుతున్నానో అడిగాడు. రాతితో చేసిన చిన్న ఇల్లు తేవడానికని చెప్పాను.

“ఇల్లా? దాంట్లో ఏ దేవుడుంటాడు?”

“దేవుడు ఉండడు. ఊరికే ఇల్లు.”

“దేవుడు లేనిదానికి రాయెందుకు దండగ” అని ఆయన కళ్లు మూసుకున్నాడు. శిరివెళ్ల దాటేసరికి గురక పెడుతున్నాడు.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లు రోడ్డు వారనే ఉంటాయి, ఎవరినీ దారి అడగక్కర్లేదు. కోత మిషన్ల చప్పుడు వినబడితే దిగిపోవడమే. దుమ్ములో సగం లేచిన నందులు, ముక్కు రాని ఆంజనేయులు, ఎవరో తేలని నాయకులు చెయ్యెత్తి నిలబడి ఉంటారు. కొనడానికి రాకపోయినా అరపూట తిరిగి చూడదగ్గ చోటు. చేతి రుమాలు మూతికి కట్టుకుని వెళ్లండి. ఓబుళాచారి షెడ్డు మూడోది. ఆయన యాభై దాటిన మనిషి, కనుబొమల మీద కూడా రాతి పొడి. గోనెపట్టా మీద కూర్చుని నీళ్లు చిలకరిస్తూ ఏదో తుడుస్తున్నాడు. ఫోను పక్కనే బండ మీద ఉంది, దుమ్ము పట్టి.

“సుకన్య పంపింది. ఫోను ఎందుకు ఎత్తడం లేదండీ? రెండు రోజుల నుంచి చేస్తోంది.”

“ఉలి చేతిలో ఉంటే ఫోను ఎట్ల ఎత్తేది సార్? కూసోండి. అయిపాయ.”

తెల్ల ఇల్లు నల్లరాతిలో ఉంటుందని సుకన్య ముందే చెప్పింది కాబట్టి దానికి సిద్ధపడే ఉన్నాను. గుడ్డ తీశాడు. మోకాలెత్తు ఇల్లు. గోడలు గీత గీసినట్టు వచ్చాయి, మెట్లు తిరగాల్సినట్టే తిరిగాయి, కిటికీలు అద్దం తొడిగినంత నున్నగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత గుమ్మం చూశాను. గుమ్మం పైన, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మామిడాకుల తోరణం. ఒక్కో ఆకుకూ నడిమి ఈనె, అంచున చిన్న మెలిక, ఆకుల్ని కలిపే పురికొస ముళ్లతో సహా.

“ఇదేమిటి?”

“తోరణం.”

“తోరణమని తెలుస్తోంది. డ్రాయింగులో ఉందా ఇది?”

“లేదు. మరిచిపోయినట్టుండారు. నేనే ఏసినా. రెండు రోజులు దానికే పట్టె. దుడ్లేం వద్దు.”

నాకు ఒళ్లు మండిపోయింది. సుకన్య రెండు రోజులుగా నిద్ర మానింది ఎవరూ అడగని మామిడాకుల కోసమా? ఆ పైన, ప్రపంచంలో ఎవరి ఇంటికి వేసినా వేయొచ్చుగానీ లిపెన్ ఇంటికి తోరణమా? ఆ మనిషి జీవితమంతా గోడ మీంచి ఆకులు తుడిచేసుకుంటూ వచ్చాడు. ఇవన్నీ గట్టిగానే చెప్పాను. ఓబుళాచారి శ్రద్ధగా విన్నాడు.

“కాగితంలో దిక్కు గీత పెట్టినారు గదా సార్, బాణం గుర్తు. వాకిలి దక్షిణానికి ఉండాది. ఆ మేడమ్ చెప్పింది, ఈ ఇల్లు కట్టనేలేదని. దక్షిణం వాకిలి, పైన బోడిగా. ఎట్ల కడతారు? దిష్టికి తోరణమన్నా ఉండాల్నని ఏసినా.”

“వాళ్ల దేశంలో దక్షిణం నుంచే ఎండ వస్తుందండీ. చలిదేశం. ఎండ కోసం అటు పెట్టాడు.”

“ఎండ కిటికీలోనుంచి రాదా?”

వాదించే ఓపిక లేదు. తోరణం తీసేయమన్నాను. ఆకుల్ని చెక్కి గోడతో సమానంగా చదును చేస్తే చాలు, గంట పని. ఆయన తల అడ్డంగా ఊపాడు. “కట్టిన తోరణం తెంపగూడదు సార్. ఎండి రాలిపోవాల. నేను తెంపను.” రాతి తోరణం ఎప్పటికి ఎండుతుందని అడిగాను. ఆయన జవాబుగా చిన్న ఉలీ సుత్తీ నా ముందు పెట్టాడు. “మీకు అంత కావాల్నంటే మీరు కొట్టుకోండి. నేను లోపలికి పోతా, సూడను” అని నిజంగానే లేచి వెళ్లి, లోపల రొట్టె తినడానికి కూర్చున్నాడు.

ఇలాంటప్పుడు బుద్ధున్నవాడు ఉలి కింద పెట్టి నంద్యాలకు ఫోను చేస్తాడు. నేను ఫోను చేశాను కూడా, సుకన్య ఎత్తలేదు. ఇరవై ఏళ్లు డ్రాయింగు చెప్పినవాణ్ణి, ఒక ఆకు తీయలేనా అనుకుని చివరి ఆకు మీద ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టాను. ఆకు సగానికి విరిగింది. దానితోపాటు గుమ్మం అంచున గోరంత పెచ్చు కూడా లేచింది. ఇంకో దెబ్బ పడితే గుమ్మమే పోతుందని నాకు కూడా అర్థమైంది. అలా చేతిలో ఉలితో, ముందు సగం ఆకుతో నేను కూర్చుని ఉంటే ఓబుళాచారి బయటికొచ్చి చూశాడు. వేరుశనగ పొడి వేసిన జొన్న రొట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. కోపంగా ఉన్నా తిన్నాను, బాగుంది. అది ఇంకా కోపం తెప్పించింది.

తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటో మాట్లాడాం. వెయ్యి రూపాయలకు నంద్యాల దాకా వస్తానన్నాడు డ్రైవరు బాషా. వడ్లగడ్డి పరిచి, ఇంటిని పాత చీరల్లో చుట్టి, ముగ్గురం పట్టి ఎక్కించాం. ఓబుళాచారి చుట్టిన చీర సందులోంచి చెయ్యి పెట్టి విరిగిన ఆకు ఒకసారి తడిమి, “నిదానంగా పో బాషా” అన్నాడు. ఆ మాటను బాషా ఆజ్ఞగా తీసుకున్నాడు. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా దాదాపు ఆగి, దిగి, గడ్డి సరిచేసి, మళ్లీ ఎక్కాడు. శిరివెళ్లలో టీకి ఆపాడు.

“బాషా, అక్కడ ఒక పెద్దావిడ ఎదురుచూస్తోందయ్యా. తొందరగా పోదాం.”

“రాయికి తొందరేంది సార్? కుదుపుకు పగిలితే ఆ పెద్దామెకు ఏం సూపిస్తారు? తాగండి.”

ఆ రోజు నాతో మాట్లాడిన ప్రతి మనిషి దగ్గరా జవాబు ఉంది. నా దగ్గర లేదు. టీ తాగాను. ఫోను మోగింది. హెలెనా గారు వచ్చి గంటయిందట. ఎంతసేపని సుకన్య అడిగింది. వచ్చేస్తున్నామన్నాను. తోరణం సంగతి, విరిగిన ఆకు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. ఎన్నో సముద్రాలు దాటి వచ్చిన మనిషికి, తండ్రి ఒప్పుకోని అలంకారం ఒకటి, అదీ విరిగినది, చూపించబోతున్నాను.

హాలుకు చేరేసరికి నాలుగున్నర దాటింది. బయట రిసెప్షన్ వాళ్ల వంటపాత్రలు దింపుతున్నారు. లోపల హెలెనా గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి, కురచ జుట్టు, నీలం నూలు చొక్కా. ఆవిడ ముందు క్యూ. ఎవరో ఆవిడ ఆ శిల్పి కూతురని చెప్పారు, అంతే, ప్లాన్లన్నీ అటు మళ్లాయి. ఆవిడ విసుక్కోకుండా ఒక్కో ప్లాను ఒళ్లో పరుచుకుని చూస్తున్నారు. వాళ్ల భాషలో ఏదో అంటే సుకన్య తెలుగులో చెబుతోంది. “ఈ గదికి కిటికీ యాడని అడుగుతాంది అన్నా. పిల్లోళ్లు చదువుకునేది ఎట్లని.” పగిడ్యాల పెద్దాయన వంతు అయిపోయినట్టుంది, అయినా వెళ్లకుండా పక్కనే నిలబడ్డాడు.

నమూనాను బల్ల మీద పెట్టాం. సుకన్య చీరలు విప్పింది. తోరణం కనబడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఇప్పుడిక చెప్పేందుకు ఏమీ లేదు, హెలెనా గారు కర్ర పట్టుకుని లేచి వస్తున్నారు.

ఆవిడ ముందు ఇంటి చుట్టూ నడిచారు. మెట్ల మీద వేలు పెట్టి పైదాకా ఎక్కించారు. ఒక కిటికీ దగ్గర ఆగి, అది తన గది అని చెప్పారు. గుమ్మం ముందుకొచ్చి వంగారు. వంగి అలాగే ఉండిపోయారు. పగిడ్యాల పెద్దాయన ఆ నిశ్శబ్దాన్ని ఆదుకుందామనుకున్నాడు కాబోలు, “దక్షిణం వాకిలి గదమ్మా, అందుకే లేసిండదు ఈ ఇల్లు. తోరణం ఏసినారు, మంచిదే” అన్నాడు. నేను ఆయన్ని ఆపుదామని చెయ్యెత్తాను. హెలెనా గారు విరిగిన ఆకు మీద వేలు పెట్టి, సుకన్యను ఏదో అడిగారు.

“దీన్ని ఎవరు తీయబోయినారని అడుగుతాంది సార్.”

“నేనే” అన్నాను. “మీ నాన్నగారికి ఇలాంటివి నచ్చవని. తీసేద్దామనుకున్నాను, చేతకాలేదు. తప్పయిపోయింది.” సుకన్య అదంతా చెప్పింది. ఆవిడ నా వైపు తిరిగి, ముఖంలోకి బాగా చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. చిన్న నవ్వు కాదు. కర్ర బల్లకు ఆనించి, రెండు చేతులతో బల్ల పట్టుకుని నవ్వారు. నవ్వుతూ చాలాసేపు మాట్లాడారు, మధ్యలో కళ్లు తుడుచుకున్నారు. సుకన్య విని, విని, చివరికి మా అందరికీ చెప్పింది.

“వాళ్లమ్మ పల్లెటూరామంట. ఏ ఇంట్లో ఉన్నా వాకిలికి గోధుమ కంకులు, ఎండిన పూలు కట్టేదంట. వాళ్ల నాయనకు అవి సూస్తే మంటంట. ఆమె కట్టేది, ఈయన పీకేది. ఎప్పుడు పీకినా సగం మేకుకే మిగిలిపోయేదంట, ఇట్లనే. ఆ సగం సూసి ఆమె మల్ల కట్టేది. సచ్చిపోయేదాంక ఇదే గొడవంట ఇద్దరికీ.” సుకన్య ఆగి, హెలెనా గారు మెల్లగా అన్న చివరి మాట కోసం వంగింది. “‘మా ఇంట్లో మా యమ్మ గెలిచింది నేను ఇప్పుడే సూస్తాండా’ అంటాంది.”

పగిడ్యాల పెద్దాయన, “ఆడోళ్లు కట్టిందాన్ని పీకగూడదు” అని తన ప్లాను చుట్టుకున్నాడు. హెలెనా గారు ఆ తోరణాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కో ఆకూ తడుముకుంటూ వెళ్లి, విరిగినదాని మీద వేలు కొంచెం ఎక్కువసేపు ఉంచారు. గుమ్మం ఎదురుగా కుర్చీ వేయించుకుని, కారు డ్రైవరు రెండోసారి వచ్చి పిలిచేదాకా అక్కడే కూర్చున్నారు. నేను ఎదురుచూసిన ప్రదర్శన మాత్రం నాకు దక్కింది పది నిమిషాలే. అదీ రిసెప్షన్ వాళ్లు గోడలకు రంగు గుడ్డలు కడుతుంటే, వాళ్ల కన్నా ఒక బొమ్మ ముందు ఉండేలా పరుగెత్తుతూ. నా ఫోటోలోని ఇల్లు నాలుగో గోడ మీద ఉందన్నాను కదా, నేను చేరేసరికి దాని మీద గులాబీ రంగు పరదా పడింది.

గుంటూరు వచ్చి వారమైంది. ఇంకా విసుగు పూర్తిగా పోలేదు. ఫ్లెక్సీ కొట్టినవాడి మీద, ఓబుళాచారి మీద, బాషా టీ మీద, పరదా మీద, అన్నిటికీ మించి నా మీద. అందరికన్నా లిపెన్ నాకే బాగా తెలుసనుకుని వెళ్లాను. కానీ ఆ రోజు ఆ ఇంటి విషయంలో అచ్చంగా ఆయనలా ప్రవర్తించింది నేనొక్కణ్ణే. మా గది గోడ మీద ఫోటో అలాగే ఉంది. నిన్న క్లాసులో దాన్ని చూపిస్తూ, ఈ మనిషి ఇంట్లో అలంకారం అనేదే లేదు అని ఎప్పటిలాగే మొదలుపెట్టి, ఆ గుమ్మం గుర్తొచ్చి అక్కడే ఆపేశాను. పిల్లలు రాసుకోవడం ఆపి నా వైపు చూశారు.

ఆళ్లగడ్డలో రాతి పని చెప్పదలచుకున్నవాళ్లకు ఒక సలహా. డ్రాయింగులో ఏం కావాలో గీసిస్తే చాలదు, ఏమేం వద్దో కూడా పక్కన రాసివ్వండి, గుమ్మం ఏ దిక్కుకు ఉందో మాత్రం రాయకండి. నేను కూడా ఓబుళాచారికి ఏం వద్దో ఒక్కటి చెప్పాను. ఆ విరిగిన ఆకు బాగుచేస్తానని ఆయన సుకన్యకు ఫోను చేశాడట. వద్దని చెప్పించాను.